కిస్మిస్ పొట్లం ఖాళీ చేసిన బ్రూనో

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విజయవాడ. పోయిన నెల ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ప్రసాదంలోకి తెచ్చిన కిస్మిస్ పొట్లం వంటగట్టు మీద పెట్టి ఇలా పీటల మీద కూర్చున్నామో లేదో, మా బ్రూనో (లాబ్రడార్, మూడేళ్లు, 28 కిలోలు) దాన్ని కిందికి లాగేసి పావుకిలో దాకా తినేశాడు. ఉప్పునీళ్లు పట్టిస్తే కక్కేస్తాడని మా పెద్దత్తగారు, పాలు పట్టమని మావారు. చివరికి రెండూ చేశాం. ఒక్కసారి వాంతి చేసుకుని, తర్వాత మామూలుగా తోక ఊపుకుంటూ తిరిగాడని ఊరుకున్నాం. మర్నాడు రాత్రి నుంచి ముద్ద ముట్టలేదు. మూడో రోజు ఆస్పత్రికి తీసుకెళ్తే కిడ్నీలు దెబ్బతిన్నాయని ఐదు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఎండుద్రాక్షే కదా, అంత పని చేస్తుందా? మేం ఎక్కడ పొరపాటు చేశాం?

జవాబు: అమ్మా, మూడో రోజు తీసుకెళ్లినా బ్రూనో బయటపడ్డాడంటే వాడి అదృష్టం గట్టిదే. మీరడిగారు కాబట్టి చెప్తున్నాను, అసలు పొరపాటు ఉప్పునీళ్లు కూడా కాదు, వాడు తోక ఊపుతున్నాడని ఆగిపోవడం. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్క మొదటిరోజు ఒకటి రెండు వాంతులు చేసుకుని మళ్లీ హుషారుగానే ఉంటుంది, లోపల కిడ్నీలు పాడవడం మాత్రం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది, అప్పటికి ఒంట్లోకి ఎక్కాల్సింది ఎక్కేసి ఉంటుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. అందుకే కడుపులో ఉండగానే కక్కించడం ఒక్కటే మంచి అవకాశం.

ఎంత తింటే ప్రమాదం అని అందరూ అడుగుతారు. ద్రాక్ష విషయంలో నమ్మదగిన లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిని ఏమీ కాకుండా ఉంటుంది, ఇంకోటి నాలుగు గింజలకే మంచం పడుతుంది. దీనికి కారణం టార్టారిక్ ఆమ్లం అని ఇప్పుడు నిపుణులు ఎక్కువగా అనుమానిస్తున్నారు, కాయ రకాన్ని బట్టి, పండినదాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది. ఈ ముడి విప్పిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. అమెరికాలో ఒక కుక్క, ఇంట్లో చిన్నపిల్లలు ఆడుకోవడానికి చేసిన పిండిముద్ద తిని, అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు చెడగొట్టుకుంది. ఆ పిండిలో వేసినది క్రీమ్ ఆఫ్ టార్టార్, అంటే టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చే తెల్లపొడి. అక్కడి జంతువిష నిపుణులు 2021లో ఈ సంగతి బయటపెట్టారు. మనకు ముఖ్యమైనది ఏంటంటే చింతపండులోనూ ఇదే ఆమ్లం దండిగా ఉంటుంది, చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా నమోదయ్యాయి. కాబట్టి చింతపండు డబ్బా కూడా కుక్క మూతికి అందనిచోట పెట్టండి.

ఇక ఉప్పునీళ్లు. ఇది నాకు ఎక్కడ విన్నా ఒళ్లు మండే చిట్కా. కుక్క కక్కితే సరే, కక్కకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి పోయి సోడియం పెరిగి ఫిట్స్ రావొచ్చు, అంటే ఒక విషం పోగొట్టబోయి ఇంకో విషం పట్టించినట్టు. గొంతులో వేళ్లు పెట్టడం, నూనె పోయడం కూడా వద్దు. పాలు విషాన్ని విరచవు, పైపెచ్చు విరేచనాలు పట్టుకోవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి ఇంటర్నెట్లో చదివి ఉంటారు, అది కూడా డాక్టరు ఫోన్లో మోతాదు చెప్పి చేయమంటేనే, మీ అంతట మీరు కాదు. మగతగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా అస్సలు కక్కించకూడదు, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే మామూలుగా ఉన్నా ఇంట్లో ప్రయత్నించొద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇలాంటిది మళ్లీ జరిగితే (లాబ్రడార్ కదా, జరుగుతుంది) మిగిలింది లాగేసి, ఏం తిన్నాడు, ఎంత, ఎప్పుడు, బరువెంత, ఈ నాలుగూ చెప్తూ వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి, కవరు చేతిలో పట్టుకుని బయల్దేరండి. తిన్న రెండు గంటల్లోపు అయితే ఇంజెక్షన్‌తో కక్కిస్తే చాలావరకు బయటికి వచ్చేస్తుంది. కిస్మిస్ కడుపులో ఇంకా ఎక్కువసేపే ఉంటుంది, కాబట్టి టైము దాటిపోయిందని మానేయొద్దు. తర్వాత సాధారణంగా రెండు రోజులు సెలైన్, మధ్యమధ్య కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష. మీకు దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడా, మీ ఊళ్లో ప్రైవేటు క్లినిక్కుల్లోనూ రాత్రిపూట ఎవరు చూస్తారో ఈ రోజే కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టుకోండి, అర్ధరాత్రి టెన్షన్‌లో వెతికితే దొరకదు. బ్రూనోకి నెలకోసారి చొప్పున రెండు మూడు నెలలు రక్తం, మూత్రం పరీక్ష చేయించండి.

ప్రశ్న: మా పామరేనియన్ (8 కిలోలు) పిల్లాడి పుట్టినరోజున 50 గ్రాముల మిల్క్ చాక్లెట్ తినేసింది. ఏమీ కాలేదు. అంటే దీనికి చాక్లెట్ పడుతుందనేగా? – వరంగల్

జవాబు: పడటం కాదండీ, ఆ చాక్లెట్‌లో సరుకు తక్కువ. కుక్కకు చేటు చేసేది థియోబ్రోమిన్. మిల్క్ చాక్లెట్ గ్రాములో సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటుంది, 50 గ్రాములకు 100, మీ కుక్క కిలో బరువుకు 12 చొప్పున పడ్డాయి. కిలోకు 20 దాటితే వాంతులు, విరేచనాలు, కుదురులేకపోవడం, 40 దాటితే గుండె లయ తప్పడం, 60కి ఫిట్స్. డార్క్ చాక్లెట్ అయితే గ్రాముకు 5 పైనే, కోకో పొడి దాదాపు 20, అంటే అదే కుక్క రెండు పెద్ద చెంచాల కోకో నాకినా ఆస్పత్రి పాలే. ఒంట్లోంచి సగం పోవడానికే 17 గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఒక రాత్రి చూసి ఊపిరి పీల్చుకోకండి. పుట్టినరోజు సంచుల్లో షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ ఉంటే ఇంకా జాగ్రత్త. వాటిలో పంచదారకు బదులు వేసే జైలిటాల్ ఉంటే అరగంటలోనే కుక్కకు షుగర్ పడిపోయి తూలిపోతుంది, తర్వాత లివరు కూడా దెబ్బతినొచ్చు.

ప్రశ్న: మా నాటు కుక్కకు ఏళ్ల తరబడి సాంబారన్నమే. ఉల్లిపాయ మంచిది కాదంటున్నారు, ఉడికిపోతుంది కదా? – రాజమండ్రి

జవాబు: ఉడికినా, వేయించినా, పొడి చేసినా ఉల్లి ఉల్లే. అందులోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్రరక్తకణాల్ని పగలగొడతాయి. కిలో బరువుకు 15 గ్రాములు దాటితే కష్టం, అంటే 10 కిలోల కుక్కకు ఒక పెద్ద ఉల్లిపాయ, రోజూ కొంచెం కొంచెంగా పడినా అంతే. వెల్లుల్లి ఇంకా ఘాటు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదంటే మీ ఇంట్లో ముక్కలు మీరే ఏరుకు తింటున్నారేమో! సాంబారులో చింతపండు కూడా ఉంటుందని పైన చదివే ఉంటారు. ఈ పూట నుంచి ఉత్త అన్నంలో ఉడికించిన చికెనో గుడ్డో కలిపి పెట్టండి, ఉప్పు కారం లేకుండా. ఉల్లి దెబ్బ మూడు నాలుగు రోజులు ఆగి కనపడుతుంది, అందుకని అప్పుడప్పుడు పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. పాలిపోయి ఉన్నా, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తున్నా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.