పాత ఇల్లు హోటల్ చేస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి పేట వైట్ టౌన్‌లో పాత ఇల్లు లీజుకు తీసుకుని ఎనిమిది గదుల హోటల్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను. యానాం నుంచి ఉద్యోగానికని వెళ్ళి పాతికేళ్ళు అక్కడ అలాంటి ఇళ్ళకే మరమ్మతులు చేయించినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

గోడలకు సిమెంటు తగలనివ్వకు. అవి ఇటుక, సున్నంతో కట్టినవి. నేలలోంచి ఎక్కే చెమ్మ, సముద్రపు ఉప్పు సున్నం పూతలోంచి మెల్లగా బయటికి వచ్చేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, ఉప్పు లోపలే ఉండి ఇటుకను తినేస్తుంది. నేను మరమ్మతు చేయించిన మొదటి ఇంట్లో మేస్త్రీ తొందరపెడితే సిమెంటుకు సరేనన్నాను. నవంబరు వానలు వెలిసేసరికి గోడ బొబ్బలెక్కింది. గోటితో గీకితే పెచ్చు ఊడి, వెనక ఇటుక తడిపిండిలా వేలికి అంటుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతా చెక్కించి గానుగ సున్నం వేయించాం. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి పూసే పనివాళ్ళను వెతికి పట్టుకో. ఏ పూతకా పూత ఆరాలి. డిసెంబరు సీజన్ పోతుందని టెన్షన్ పడతావు. పోతే పోనీ నాయనా.

మిద్దె సంగతి ఇంకా ముఖ్యం. దూలాల మీద ఇటుకలను నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన సున్నం దిమ్మిస కొట్టిన మద్రాస్ టెర్రస్ అది. దూలం నడుమ గట్టిగానే కనిపిస్తుంది, పుచ్చేది గోడలో దూరిన కొస. అక్కడ సుత్తితో తట్టి విను. మేడ మీద ప్రతి గదికీ బాత్రూమ్ అంటే నీళ్ళు ఆ కొసల్లోకే దిగుతాయి. ఎనిమిది గదులు ఎందుకు? ఆరు చాలు.

ఏసీ డబ్బాలు వీధి వైపు పెట్టకు, చెక్క రెక్కల కిటికీలు పీకించకు. పని మొదలుపెట్టకముందే ప్లాన్ ఇంటాక్ వాళ్ళకు, అదే పాత కట్టడాలను కాపాడే సంస్థ వాళ్ళకు, చూపించు. ఒక సాయంత్రం కాలువ దాటి, తమిళుల పేటలోని వైశ్యాల్ వీధికి కూడా వెళ్ళిరా. అరుగుల ఇళ్ళ ఆ వీధిని వాళ్ళు బాగుచేసిన తీరుకు 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. అక్కడి తమిళ ఇళ్ళను చూస్తే ఎంత తక్కువ ముట్టుకోవాలో నీకే తెలుస్తుంది.

సంక్రాంతి వెళ్ళాక వస్తాను. దూలాలు నేను చూసేదాకా సీలింగ్ మూయించకు.

మీ మావయ్య