టెక్ సందేహాలు: ఊడదీసే విండ్‌షీల్డ్ గాలికి నిలవాలంటే, దొంగకు దొరక్కూడదంటే

ప్రశ్న: మారతహళ్లిలో పీజీలో ఉంటాను. బండి రాత్రంతా రోడ్డు మీదే. నెలకు రెండుసార్లు అనంతపురం వెళ్లొస్తుంటాను కాబట్టి 350 సీసీ బండికి క్లిప్పులతో ఊడదీసే విండ్‌షీల్డ్ కొన్నాను. 5,800 రూపాయలైంది. ఇప్పుడు రెండు టెన్షన్లు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఒకటి, 90 దాటితే ఊగుతోంది కాబట్టి ఊడి మీద పడుతుందేమోనని ఇంకొకటి. తాళం, ట్రాకర్ లాంటివి ఏమైనా ఉన్నాయా?
– ఓ పాఠకుడు, బెంగళూరు

ముందు గాలి సంగతి చూద్దాం. దొంగ పట్టుకెళ్తే పోయేది డబ్బే.

బండి వేగం రెట్టింపైతే అద్దం మీద గాలి తోపు నాలుగింతలవుతుంది. మీ అద్దం పొడవు, వెడల్పు చెరో అడుగున్నర అనుకుని లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని మీద పడే బరువు దాదాపు 4 కిలోలు. 100లో దాదాపు 11 కిలోలు. అంటే కొట్లో అమ్మే పది కిలోల బియ్యం సంచిని ఆ రెండు క్లిప్పులకు తగిలించి నడుపుతున్నట్టే. ఎదురుగాలి ఉంటే ఆ వేగం కూడా కలుస్తుంది. మీ దారి గురించి మీకు చెప్పాలా? ఆషాఢం, శ్రావణం వచ్చాయంటే బాగేపల్లి దాటినప్పటి నుంచి పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. వెళ్లేటప్పుడు ఎడమ నుంచి, వచ్చేటప్పుడు కుడి నుంచి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. హ్యాండిల్‌కు బిగించిన అద్దమైతే ఆ పక్క గాలి నేరుగా హ్యాండిల్‌నే తిప్పుతుంది. ఆ రోజుల్లో 70కి మించకండి. ఏ క్లిప్పూ దీనికి మందు కాదు.

ఇక ఊపు ఎక్కడిదో పట్టుకోవాలి. బండిని సెంటర్ స్టాండ్ వేసి, అద్దం పై అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ కదపండి. ఇంకో చేతి వేలు హ్యాండిల్ పైపును పట్టుకుని ఉండే క్లాంప్ మీద పెట్టండి. క్లాంప్ పైపు మీద తిరుగుతుంటే సైజు సరిపోలేదన్నమాట. పాత సైకిల్ ట్యూబ్ ముక్క ఒక చుట్టు చుట్టి బిగిస్తే చాలావరకు కుదురుతుంది. రెండు మూడు చుట్లు వేస్తే రబ్బరే జారుతుంది. క్లాంప్ గట్టిగా ఉండి క్లిప్పు దగ్గర టకటకమంటుంటే లోపలి రబ్బరు బుష్ అరిగింది, అది మార్చాలి. రెండూ బాగుండి అద్దమే వంగుతుంటే షీటు పల్చన. దానికి వైద్యం లేదు, వేగం తగ్గించడమే.

నాకూ ఒకసారి అయింది. చిక్కబళ్లాపురం దాటాక టక్ టక్ మని చిన్న చప్పుడు వినిపిస్తే రోడ్డుదేలే అనుకున్నాను. పది నిమిషాలకు కుడి క్లిప్పు తెరుచుకుని అద్దం ఎడమ క్లిప్పు మీద తలుపులా తిరిగింది. అదృష్టం బాగుండి వెనక లారీ లేదు. అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. ఒకటి, అద్దం బ్రాకెట్‌కూ హ్యాండిల్ పైపుకూ కలిపి సన్నటి స్టీల్ కేబుల్ కట్టడం. క్లిప్పు ఊడినా అద్దం ఎగిరిపోదు. కట్టాక హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. బ్రేకు, క్లచ్ వైర్లకు ఎక్కడా తగలకూడదు. రెండోది, బిగించిన బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత. గీత తెగి పక్కకు జరిగిందంటే బోల్టు వదులైనట్టు. టీ తాగడానికి ఆగిన ప్రతిసారీ కంటితో చూస్తే చాలు. ఇంట్లో పాలిష్ ఎందుకని అడిగితే మాత్రం మీ తిప్పలు మీవి. గీత ఇనుము మీదే ఉండాలి, ప్లాస్టిక్‌కు అంటనివ్వకండి.

బోల్టు వదులు కాకుండా పూసే నీలం రంగు జిగురు ఉంటుంది చూడండి, దాన్ని అద్దం దగ్గర వాడొద్దు. ఈ అద్దాలు చేసే ప్లాస్టిక్‌లు పాలీకార్బనేట్, అక్రిలిక్ రెండింటికీ ఆ జిగురు తగిలితే రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. దాని బదులు లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్టు వేయించండి, జేసీ రోడ్డులో ఏ స్పేర్ల షాపులోనైనా దొరుకుతుంది. పెట్రోలు గుడ్డతో తుడవడం, అమ్మోనియా ఉండే గ్లాస్ క్లీనర్ కొట్టడం కూడా అంతే ప్రమాదం. నీళ్లు, కాస్త షాంపూ చాలు.

ఇప్పుడు దొంగతనం. చేత్తో ఊడొచ్చే వస్తువు మీకు ఎంత సులువో వాడికీ అంతే. కాబట్టి నా మొదటి సలహా, గదికి తీసుకుపోండి. ఊడదీసే అద్దానికి ఎక్కువ డబ్బు పోసింది అందుకే కదా. నాలుగో అంతస్తుకు ఎవరు మోస్తారంటారా, సరే. క్లిప్పుల వైపు తాళంచెవితో తెరుచుకునే రకం దొరికితే అది వేయించండి. దొరకకపోతే క్లిప్పుల్ని వదిలేసి బోల్టులతో శాశ్వతంగా బిగించి, అలెన్ బోల్టు తలలో ఉండే ఆరు పలకల గుంతలో సరిగ్గా పట్టే బేరింగ్ గోళీని జిగురుతో కూర్చోబెట్టండి. నక్షత్రం ఆకారపు గుంత, దాని మధ్యలో పిన్ను ఉండే టార్క్స్ బోల్టులూ ఉన్నాయి కానీ, వాటి బిట్ల సెట్టు ఆన్‌లైన్లో ఎవరికైనా వస్తుంది. ఇందులో ఏదీ దొంగను ఆపదు, ఆలస్యం చేస్తుంది. అద్దం కింది మూలలో బండి నంబరు చెక్కిస్తే మాత్రం అమ్ముకోవడం కష్టమవుతుంది.

బీమా ఉందిగా అనుకోకండి. టూ వీలర్ పాలసీలో, బండితో పాటు పోతే తప్ప విడిగా పోయిన యాక్సెసరీలకు మామూలుగా క్లెయిము రాదు. బిల్లు మాత్రం భద్రంగా దాచండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపయితే అది నాన్ కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. మీ 5,800 బిల్లు చిన్న కాగితమే కానీ, స్టేషన్లో దానికి బలముంది.

ట్రాకర్ విషయంలో నాకు పెద్ద ఆశ లేదు. ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ బిళ్లలో జీపీఎస్ ఉండదు, చుట్టుపక్కల ఫోన్లు చూసి చెబితేనే దాని జాడ తెలుస్తుంది. పైగా తెలియని ట్యాగ్ వెంట వస్తోందని ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఇప్పుడు హెచ్చరిస్తాయి. మనుషుల్ని రహస్యంగా వెంబడించకుండా పెట్టిన మంచి ఏర్పాటే అది, కానీ దొంగకూ కబురు అందుతుంది. పారదర్శకమైన అద్దంలో బిళ్లను దాచేది కూడా ఎక్కడ? కొనాలనుంటే బండి సీటు కింద పెట్టండి.

ప్రశ్న: హ్యాండిల్‌కు ఫోన్ బిగించి మ్యాప్ చూస్తూ రోజూ ఎలక్ట్రానిక్ సిటీ వెళ్తాను. ఈ మధ్య ఫొటోలు వణికినట్టు వస్తున్నాయి. కారణం బండేనా?
– ఓ పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

చాలావరకు అదే. ఫొటో కదలకుండా పట్టే ఓఐఎస్ కెమెరాలో లెన్స్ సన్నటి ఏర్పాటు మీద తేలుతూ ఉంటుంది. ఇంజిన్ అదురు రోజూ తగిలితే అది దెబ్బతింటుంది. పెద్ద ఇంజిన్ల బండికి ఐఫోన్‌ను నేరుగా బిగించవద్దని ఆపిల్ 2021లోనే చెప్పింది. కెమెరాను ముందు సర్వీస్ సెంటర్లో చూపించండి. ఇకపై అదురు పీల్చే డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదా ఫోన్ జేబులో పెట్టుకుని హెల్మెట్ బ్లూటూత్‌లో దారి వినండి. ఇంట్లో మూలన పడేసిన పాత ఫోన్ ఉంటే ఇంకా నయం, హాట్‌స్పాట్ ఇచ్చి దాన్నే హ్యాండిల్‌కు బిగించండి.