కోడ్ అందరిదీ అయితే ‘ప్రైవేట్’ ఎందుకు?

ప్రశ్న: నేను వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (ఎవరైనా వాడుకునేలా రాసిపెట్టిన కోడ్‌లో) నాకు సరిగ్గా కావలసిన ఫంక్షన్ ఉందండీ. కానీ దాన్ని ప్రైవేట్‌గా, అంటే బయటివాళ్లు పిలవకూడదన్నట్టు, పెట్టారు. కోడంతా బయట పెట్టేసి మళ్లీ ఈ దాపరికం ఏమిటి?

జవాబు: అక్కడ దాపరికమేమీ లేదండీ. ఆ కోడ్ మీరు చదవొచ్చు, మార్చుకోవచ్చు, సొంత కాపీ నడుపుకోవచ్చు. ఆ హక్కు లైసెన్స్ ఇచ్చింది. ప్రైవేట్ అని పెట్టినవాళ్లు చెప్పేది ఒక్కటే: వచ్చే వెర్షన్‌లో ఇది ఉంటుందని మేం మాటివ్వడం లేదు. నేనూ ఒక చిన్న లైబ్రరీ చూసుకుంటున్నాను. పబ్లిక్ చేసిన ఫంక్షన్ పేరు మార్చాలంటే నాకు టెన్షనే, ఎవరి ప్రోగ్రామ్ ఆగిపోతుందో తెలియదు కదా!

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సంగతే చూడండి. పాత యాడ్-ఆన్‌లు బ్రౌజర్ లోపల దేన్నయినా ముట్టుకోగలిగేవి. అంత చిత్రమైన యాడ్-ఆన్‌లు వచ్చింది ఆ స్వేచ్ఛ వల్లే. కానీ లోపల ఏది కదిపినా ఏదో ఒకటి పాడయ్యేది. బ్రౌజర్‌ను వేర్వేరు ప్రాసెస్‌లుగా (విడివిడిగా నడిచే భాగాలుగా) విడగొట్టే పనికి అవే అడ్డం. చివరికి 2017 నవంబరులో, 57వ వెర్షన్‌తో, వాటన్నిటినీ ఆపేశారు. ఇక యాడ్-ఆన్‌లకు వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ అనే కొత్త పద్ధతి అనుమతించినంతే. ఏళ్ల తరబడి వాడినవాళ్లు మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమే, ఆపినవాళ్లకూ వేరే దారి లేదు.

ఈ వాదన కొత్తదేం కాదు. లోపలి వివరాలు ఏ మాడ్యూల్‌కి (ప్రోగ్రామ్‌లోని భాగానికి) ఆ మాడ్యూలే దాచుకోవాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లో రాశారు. ప్రోగ్రామర్లందరికీ అన్నీ కనబడాలని మరో కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వాదించి, 1995లో మాత్రం పార్నస్‌దే రైటని ఒప్పుకున్నారు.

నాకు నచ్చేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతి. ప్రైవేట్‌దాని పేరు ముందు ఒక అండర్‌స్కోర్ (_) పెడతారు, అంతే. అది హెచ్చరికే, ఎవరినీ ఆపదు. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీలోనైతే ఒకప్పుడు ఒక లోపలి ఆబ్జెక్ట్‌కి ‘వాడితే నీ ఉద్యోగం ఊడుతుంది’ అనే అర్థంతో పేరే పెట్టారు. అయినా వాడినవాళ్లు ఉన్నారు!

మీ విషయానికొస్తే, ముందు ఆ ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (వినతి) తెరిచి, ఆ ఫంక్షన్ మీకు దేనికి కావాలో రాయండి. ‘పబ్లిక్ చేయండి’ అని ఊరికే అడిగితే ఎవరూ పట్టించుకోరు, అవసరం వివరిస్తే చాలాసార్లు కొత్త పబ్లిక్ ఫంక్షనే వస్తుంది. అంతవరకూ ఆగలేకపోతే లైసెన్స్ షరతులు చూసుకుని ఆ నాలుగు లైన్లూ మీ కోడ్‌లోకి తెచ్చుకోండి. ప్రైవేట్‌దాన్నే నేరుగా పిలవక తప్పదంటే లైబ్రరీ వెర్షన్ నంబర్‌ను కచ్చితంగా రాసి పెట్టుకోండి. అప్‌డేట్ చేసే ముందు ఆ ఒక్క చోటుకీ టెస్ట్ నడపండి.