వెన్నెల బొమ్మను సబ్బునీళ్లతో తుడవకండి

తాతగారి నాటి చిన్న ఆయిల్ పెయింటింగ్, వెన్నెల్లో సముద్రం ఒడ్డున గుమ్మటాల భవనం, ఆకాశం ఆకుపచ్చగా మారింది, ఇంట్లోనే శుభ్రం చేయొచ్చా అని అడిగారు.

వద్దండి. మేం చేసి చెడగొట్టుకున్నాం.

దేవరకొండలో మా ముందుగదిలో అట్ట మీద వేసిన ఇలాంటి బొమ్మే ఉంది. తాత జుమ్మేరాత్ బజార్‌లో కొన్నాడట. అందులో ఉన్నది వెనిస్‌లోని సాల్యూటే చర్చి, 1687లో పూర్తయిన కట్టడం. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా సాగర్ డ్యామే అనుకుంది. ఓ దసరాకు ఇల్లు దులుపుతూ బాబాయి సబ్బునీళ్ల గుడ్డతో తుడిచాడు. ముందు మసి వచ్చింది, అందరం సంబరపడ్డాం. తర్వాత గుడ్డకు నీలం అంటింది. చూస్తే నీళ్లలో గుమ్మటం నీడ లేదు.

ఎందుకంటే పాత పద్ధతిలో వెలుగును దట్టంగా, చీకటిని పలచగా వేసేవారు. చంద్రుడికి సీసపు తెలుపు గుబ్బలా పెట్టేవారు, నీడలకు మాత్రం పలచని పూతలే. వెన్నెల బొమ్మలో ముప్పావు వంతు చీకటే కాబట్టి రుద్దితే ముందు పోయేది అదే. ఇక మీరన్న ఆకుపచ్చ మురికి కాకపోవచ్చు. పైన పూసిన వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, కింద ఉన్న నీలం దాంట్లోంచి ఆకుపచ్చగా కనిపిస్తుంది. దాన్ని తీయడం సబ్బుతో అయ్యే పని కాదు, చేయి తిరిగినవాళ్లు ద్రావకాలతో కొద్దికొద్దిగా తీస్తారు.

అసలు అది చేత్తో వేసిందేనా అన్నది ముందు చూడండి. రవివర్మ ప్రెస్ 1894లో మొదలైంది, అలాంటి చోట్ల అచ్చయిన ఓలియోగ్రాఫులు దూరం నుంచి ఆయిల్ బొమ్మల్లాగే ఉంటాయి. భూతద్దంలో సన్నటి రంగు చుక్కలు కనిపిస్తే ప్రింటే. రాత్రి లైట్లు ఆర్పి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి. చంద్రుడి దగ్గర రంగు ఉబ్బెత్తుగా ఉంటే చేత్తో వేసిందనడానికి మంచి గుర్తు. అంచుల్లో రంగు వదిలేసి ఉంటే పాడైందనుకోకండి. పెద్ద బొమ్మకు ముందు వేసుకునే స్టడీ తరచూ అలాగే ఉంటుంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది. ఫోటోలు పట్టుకెళ్లి అడిగి చూడండి. అప్పటిదాకా దేవుడి గది పొగకు, ఎండాకాలం కూలర్ గాలికి దూరంగా పెట్టండి. ఫ్రేమ్ గోడకు ఆనకుండా వెనక రెండు చెక్కముక్కలు పెడితే చెదలు పట్టినా ముందే కనబడతాయి.