రంగు పోయిన నీళ్ల గురించి మేనకోడలికి

బరంపురం.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జీడిపిక్కల పెంకును బొగ్గు చేసి, మన పట్టు అద్దకపు ఇళ్ల నీటిలోని రంగునూ క్రోమియాన్నీ తీసే పరిశోధనకు నీవు పూనుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ఎంతో గర్వం కలిగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పెంకును కడగడం, ఎండబెట్టడం, జల్లించడం, బొగ్గు వేయని నీటిని పోలికకు పక్కన ఉంచడం నీకు ఒకరు నేర్పనక్కరలేదు. పెంకులోని జీడి పూర్తిగా మాడేదాకా తొందరపడకు. పచ్చి పెంకులు కొరికి మూతి పొక్కించుకున్నదానివి, నీకు వేరే చెప్పాలా!

పట్టుకు వేసే ఆమ్ల రంగులకు ఋణావేశం ఉంటుంది కనుక, నీటి పీహెచ్ తక్కువగా, అంటే పులుపు ఎక్కువగా ఉన్నప్పుడు బొగ్గు వాటిని బాగా పట్టుకుంటుంది. సీసం, కాడ్మియం అయాన్లు ధనావేశం గలవి కనుక వాటికి అంత పులుపు పనికిరాదు. క్రోమియం లోహమే అయినా, ఆక్సిజన్‌తో కూడి క్రోమేట్‌గా ఉన్నప్పుడు దానిది ఋణావేశమే కనుక, ఆ రంగుల వలెనే ఆమ్లంలో చిక్కుతుంది. నేను బోల్తా పడింది అక్కడే.

కళాశాల ప్రయోగశాలలో పనిచేసే రోజుల్లో, రంగు నిలవడానికి బైక్రోమేట్ అనే క్రోమియం లవణం వాడే ఒక అద్దకపు ఇంటి నీటిని తెచ్చి, పీహెచ్ 2కు దించి, కొబ్బరిచిప్పల బొగ్గుతో రాత్రంతా కలియబెట్టాను. తెల్లవారి వడగట్టి, క్రోమియం ఉంటే ఊదారంగు చూపే డైఫినైల్‌కార్బజైడ్ వేస్తే ఆ రంగు రానే లేదు. క్రోమియమంతా బొగ్గుకు పట్టిందని పొంగిపోయి, ఆ సాయంత్రమే వెళ్లి ఇంటి పెద్దాయనకు చెప్పాను. ఆయన నా మాట నమ్మి, ఆ పద్ధతిలోనే ఒక పీపాడు నీళ్లు వడగట్టి, సోడాతో పులుపు విరిచి, పెరటి తోటకూర మడికి మళ్లించాడు.

ఆ పరీక్ష ఆరు సంయోజకత గల క్రోమియాన్ని మాత్రమే చూపుతుంది. ఆమ్లంలో బొగ్గే దానిలో కొంత భాగాన్ని మూడు సంయోజకత గల రూపానికి క్షయకరణం చేస్తుంది. అది నీటిలోనే ఉండి పరీక్షకు కనిపించదు. నెల తరువాత సహోద్యోగి ఒకాయన నా సీసాలో మిగిలిన నీటిని పర్మాంగనేట్‌తో ఆక్సీకరణం చేసి, మిగులు పర్మాంగనేట్‌ను పోగొట్టి, మళ్లీ అదే పరీక్ష చేస్తే ఊదారంగు చిక్కగా వచ్చింది. మూడో రకం ఆరో రకమంత విషం కాదని సమర్థించుకోవచ్చు. కానీ నేను చెప్పింది తగ్గిందని కాదు, పోయిందని. ఆ మాట ఆయన ఎదుట వెనక్కు తీసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆయన ఏమీ అనలేదు. తోటకూర పీకేసి, చేతులు కడుక్కుని, నాకు టీ ఇప్పించాడు.

అందుచేత ఎప్పుడూ మొత్తం క్రోమియాన్నే కొలిపించు. తాగునీటికి మన జాతీయ ప్రమాణం నిర్ణయించిన 0.05 మిల్లీగ్రాముల హద్దు కూడా లీటరు నీటిలోని మొత్తం క్రోమియానికే.

వాడిన బొగ్గును పారబోస్తే కొరడా తీసుకుంటాను. మూత గల డబ్బాలో వేసి, చీటీ అంటించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే అప్పగించు. ఆ పెద్దాయన పెరట్లో కుప్ప పోసిన నా బొగ్గు ఇప్పటికీ వాన పడితే గుర్తుకు వస్తుంది.

ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. తెలుసని విసుక్కుంటావు; విసుక్కో, కళ్లద్దాలు మాత్రం తీయకు.

మన ఊరి ఠాకురాణి జాతరకు వచ్చేటప్పుడు వడగట్టిన నీరు ఒక సీసాడు తీసుకురా. పర్మాంగనేట్ నా దగ్గర ఇంకా ఉంది.

మామయ్య