మిద్దె తోటల మిత్రులకు చాట్ వేదిక: మొదలుపెట్టడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము హైదరాబాదులో మిద్దె తోటలు పెంచుకుంటున్నవాళ్లం. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఉన్న దాదాపు 300 మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. నెలకొకసారి ఇందిరా పార్కులో కలిసి విత్తనాలు, నారు పంచుకుంటాం. అయితే గ్రూపంతా శుభోదయాలతో, దేవుళ్ల బొమ్మలతో, ఎక్కడెక్కడివో వీడియోలతో నిండిపోతోంది. వంగ మొక్కకు పిండినల్లి పట్టిందని ఎవరైనా అడిగితే, గంట తిరగకుండానే ఆ ప్రశ్న వాటి మధ్య కనబడకుండా పోతోంది. మళ్లీ వారం అదే ప్రశ్న ఇంకొకరు అడుగుతున్నారు. మా అబ్బాయి డిస్కార్డ్ అనే చాట్ యాప్‌కు మారమంటున్నాడు. మాలో సగం మంది 60 దాటినవాళ్లే. మారడం సబబేనా? ఎలా మొదలుపెట్టాలి?
— సైనిక్‌పురి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మారడం సబబే. కాకపోతే అందరినీ ఒకే రోజున తరలించాలని మాత్రం అనుకోకండి.

వాట్సాప్ గ్రూపులో 1024 మంది వరకు ఉండవచ్చు కనుక 300 మంది దానికి బరువేమీ కాదు. మీ ఇబ్బందల్లా అందరి మాటలూ ఒకే వరుసలో వచ్చి పడడం. పైగా గ్రూపులో కొత్తగా చేరినవారికి తాము రాకముందు జరిగిన సంభాషణ సాధారణంగా కనిపించదు. పోయిన ఏడాది మీలో ఒక అనుభవజ్ఞురాలు పిండినల్లి గురించి ఎంత ఓపికగా వివరించి ఉన్నా, ఈ మృగశిర కార్తెకు బీర గింజలు నాటుతూ మీతో చేరిన మనిషికి ఆ జవాబు లేనట్టే. మీ గ్రూపులో నన్ను ఎక్కువగా బాధించిన విషయం ఇదే. సందేశాలు మోయడం ఏ యాప్ అయినా చేస్తుంది; ఒకసారి దొరికిన జవాబు ఏడాది తరువాత కూడా దొరికేలా ఉంచేది కావాలి మీకు.

డిస్కార్డ్ 2015లో వీడియో గేములు ఆడేవారి కోసం వచ్చింది. ఆ మాట విని పెద్దవాళ్లు వెనకాడవచ్చు కానీ, దాని పద్ధతి మీ అవసరానికి చక్కగా సరిపోతుంది. అందులో మీ బృందానికంతా కలిపి ఉండే చోటును సర్వర్ అంటారు. దానిలో ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క ఛానల్ పెట్టుకోవచ్చు. సర్వర్‌ను ఇల్లనుకుంటే ఛానళ్లు గదులు. ఛానల్ పేరు ముందు కనిపించే హ్యాష్ గుర్తు (#) ఇంకా పాతది: 1988లో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో పుట్టిన ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతిలోనే ఛానళ్లను ఆ గుర్తుతో పిలిచేవారు. కొత్తగా వచ్చినవారు మీరు తెరిచి ఉంచిన ఛానళ్లలోని పాత సంభాషణంతా చదువుకోవచ్చు, ఒక మాట ఇచ్చి వెతుక్కోవచ్చు. ఒకరి ఫోన్ నంబరు మరొకరికి కనిపించదు. ముక్కూమొహం తెలియని వందల మంది చేతిలో తమ నంబరు ఉండడం మీ గ్రూపులోని మహిళలకు ఎంత ఇబ్బందో నేను మీకు చెప్పనవసరం లేదు.

లోటు కూడా చెప్పాలి. వాట్సాప్‌లో 2016 నుంచి సందేశాలన్నీ పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని విధంగా వెళుతున్నాయి. డిస్కార్డ్‌లో రాసే సందేశాలకు ఆ రక్షణ లేదు. ఎరువుల ముచ్చట్లకు దానివల్ల నష్టం లేదు కానీ, ఇంటి చిరునామాలు, బ్యాంకు వివరాలు అక్కడ రాయకూడదని మొదటి రోజే చెప్పండి. బటన్ల పేర్లు తెలుగులో ఉండవన్నది మరొక చిక్కు. సందేశాలు మాత్రం తెలుగులో నిక్షేపంగా రాసుకోవచ్చు, ఛానళ్లకు కూడా తెలుగు పేర్లే పెట్టుకోవచ్చు. ఎంత నచ్చజెప్పినా ఎక్కువమంది జంకితే టెలిగ్రామ్ మధ్యేమార్గం. చూడడానికి వాట్సాప్‌లాగే ఉంటుంది, గ్రూపులో 2 లక్షల మంది వరకు చేరవచ్చు, టాపిక్స్ అనే సౌకర్యాన్ని ఆన్ చేస్తే విషయాల వారీగా సంభాషణలు విడిపోతాయి.

ఇక మొదలుపెట్టే పద్ధతి. కొన్నేళ్ల క్రితం మా పుస్తక మిత్రుల బృందానికి నేను ఇటువంటి వేదికే తయారుచేస్తూ, ఉత్సాహం కొద్దీ కథలకు ఒకటి, నవలలకు ఒకటి, అనువాదాలకు ఒకటి అంటూ ఏకంగా 14 ఛానళ్లు తెరిచాను. వచ్చినవారికి ఎటు చూసినా ఖాళీ గదులే కనబడ్డాయి. ఏ ప్రశ్న ఎక్కడ అడగాలో తెలియక చాలామంది అడగడమే మానుకున్నారు. మీరు నాలుగింటితో మొదలుపెట్టండి: పరిచయాలు, తెగుళ్లు-పురుగులు, విత్తనాలు-నారు, పిచ్చాపాటీ. శుభోదయాలను నిషేధించకండి, పిచ్చాపాటీలోకి మళ్లించండి. ఒంటరిగా ఉండే పెద్దవారు ఎందరికో పొద్దున్నే పెట్టే ఆ పువ్వు బొమ్మ తాము క్షేమంగా ఉన్నామని చెప్పే మాట.

ఎవరినీ పిలవకముందే పాత గ్రూపులోంచి పది మంచి జవాబులు ఏరి తెచ్చి, రాసినవారి అనుమతితో ఆయా ఛానళ్లలో పెట్టండి. ఉదాహరణకు పిండినల్లి గురించైతే: ఆకు వెనుక, కొమ్మ కణుపుల్లో తెల్లటి దూదిలా పట్టిన పురుగును దగ్గరగా తీసిన ఫొటో, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేశారన్న వివరం, వారం తరువాత అదే కొమ్మ ఫొటో. ఇలాంటి దాన్ని పిన్ చేసి ఉంచితే మళ్లీ అడిగినవారికి చూపించడానికి క్షణం పట్టదు.

తరువాత ఆహ్వానం లింకు. మామూలుగా అది 7 రోజులకు గడువు తీరిపోతుంది. పెద్దవాళ్లు ఎనిమిదో రోజున నొక్కి, పనిచేయడం లేదని వదిలేస్తారు కనుక గడువు లేకుండా మార్చుకోండి. ఆ లింకును ఊరందరికీ కనబడేచోట మాత్రం పెట్టవద్దు. సర్వర్‌లో అందరినీ ఒకేసారి పిలిచే ఎవ్రీవన్ అనే పిలుపు మొదట్లో సభ్యులందరి చేతిలోనూ ఉంటుంది. అడ్మిన్లకు తప్ప మిగిలినవారికి దాన్ని తీసేయండి. లేకపోతే ఒకరి పొరపాటుకు 300 ఫోన్లు మోగుతాయి. మీతోపాటు మరొకరిని అడ్మిన్‌గా పెట్టుకుని, ఇద్దరూ మీ ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతోపాటు మరొక కోడు కూడా అడిగే రక్షణ) ఆన్ చేసుకోండి.

లింకు పంపి ఊరుకుంటే 60 దాటినవారు రారు. మా బృందంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని మూడుసార్లు ప్రయత్నించి ఆగిపోయారు. ఆమె పక్కన కూర్చుని చూస్తే తెలిసింది: ధ్రువీకరణ కోసం వచ్చిన ఈమెయిలు, ఆమె ఎన్నడూ తెరవని పాత ఖాతాలో పడి ఉంది. మనవడు పెట్టిన ఆ పాస్‌వర్డు కనుక్కోవడానికే అరగంట పట్టింది, చేరడానికి రెండు నిమిషాలు చాలింది. అందువల్ల వచ్చే సమావేశంలో విత్తనాల పంపకం అయ్యాక, ఐదుగురు తెలిసినవాళ్లు చెట్టు కింద కూర్చుని ఒక్కొక్కరి ఫోనూ చేతిలోకి తీసుకోకుండా, వారి వేలితోనే చేయించండి. పేరు పెట్టి పిలిస్తే తప్ప ఫోను మోగకుండా నోటిఫికేషన్లు కూడా అప్పుడే తగ్గించండి. చాలామంది విసుగుపడి వెళ్లిపోయేది ఆ మోత వల్లనే. పరిచయాల ఛానల్లో ప్రతివారూ తమ పేటపేరు, తమ మిద్దె మీద ఇప్పుడు కాస్తున్న ఒక మొక్క ఫొటో పెడితే రాయడం అలవాటవుతుంది.

మొదటి నెలంతా ఆ ఐదుగురూ వంతులవారీగా కనిపెట్టుకుని ఉండి, ఏ కొత్తవారి ప్రశ్న అయినా ఆ రోజు దాటకుండా పలకరించాలి. జవాబు తెలియకపోయినా "చూశామండీ, తెలిసినవారిని అడుగుతాం" అన్న మాట చాలు. పాత వాట్సాప్ గ్రూపును మూసేయకండి. అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా మార్చి, సమావేశం తేదీలకు, కొత్త జవాబుల కబురుకు ఉంచుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక సభ్యుడి నంబరు నుంచి పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైలు వచ్చింది. ఇద్దరు తెరిచారు. గ్రూపునే మూసేసి వేరే యాప్‌కు వెళ్లాలా?
— మల్కాజిగిరి నుంచి ఒక అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: యాప్ మారినంత మాత్రాన ఈ బెడద పోదు. ఏపీకే అంటే పత్రిక కాదు, ఫోనులో ప్రోగ్రామును ఎక్కించే ఫైలు. అడ్మిన్‌గా మీరు దాన్ని అందరికీ కనబడకుండా వెంటనే తొలగించండి. తెరిచిన ఇద్దరూ ముందుగా ఫోనుకు ఇంటర్నెట్ ఆపి, మరొక ఫోను నుంచి తమ బ్యాంకుకు చెప్పి, ఎక్కిన ప్రోగ్రామును తీసేయించుకోవాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ ఫైలు ఎవరి నంబరు నుంచి వచ్చిందో ఆ సభ్యుడిని గ్రూపులో నిందించకండి, ఆయన ఫోను కూడా ఇలాగే చిక్కి ఉండవచ్చు. ఆయనకు ఫోన్ చేసి విషయం చెప్పి, ఖాతా సరిచేసుకునేదాకా ఆ నంబరును గ్రూపు నుంచి తప్పించి, ఆ తరువాత తిరిగి చేర్చుకోండి.