లెట్ అంటే పోనివ్వడమా, ఆపడమా? పాస్‌పోర్ట్ తీసి చూడండి

పాత ఇంగ్లిష్‌లో 'లెట్' అంటే అనుమతించడమా, అడ్డుకోవడమా అని ఒకరు అడిగారు. రెండూనూ. కాకపోతే అవి ఒకే క్రియకు రెండు అర్థాలు కావు, రెండు వేరే క్రియలు. వెయ్యేళ్ల కిందట అనుమతించేది 'ల్యాటన్', అడ్డుకునేది 'లెట్టన్'. తోకలు అరిగిపోయి రెండూ 'లెట్' దగ్గర తేలాయి. అడ్డుకునే లెట్ మన 'లేట్'కి చుట్టం.

మా నాన్నగారిని డాలస్‌లో అన్నయ్య దగ్గరికి పంపడానికి పాస్‌పోర్ట్ తీయించాం. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి, ఏ కాగితమైనా ఆఖరి అక్షరం దాకా చదవందే బీరువాలో పెట్టరు. స్పీడ్ పోస్ట్ కవరు చింపి, నుదుటి మీది కళ్లజోడు కిందికి దించి, రాష్ట్రపతి పేరిట ఉన్న విన్నపం పైకి చదివారు. 'అలౌ ద బేరర్ టు పాస్ ఫ్రీలీ' దాకా బాగానే ఉంది. ఆ వెంటనే 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్'.

"ఏమ్మా, పోనివ్వమంటూనే మళ్లీ లెట్ లేకుండా అంటాడేంటి? అక్కడి ఇమిగ్రేషన్ వాడు ఈ ముక్క పట్టుకుంటే?"

ఇక ఆయనకు ఒకటే టెన్షన్. ఎదురింటి ఇంగ్లిష్ లెక్చరర్ గారిని అడిగితే అచ్చుతప్పేమో అన్నారు! దేశంలో అందరి పాస్‌పోర్టుల్లోనూ అదే అచ్చుతప్పా? ఈ చదువులు చెప్పేవాళ్లకు తెలియదనడానికి నోరు రాదు, అదీ బాధ.

చివరికి గండం గట్టెక్కించింది కింది వాటా ఆంటీ. ఆవిడ దగ్గర కింగ్ జేమ్స్ బైబిల్ ఉంది, అంటే 1611 నాటి ఇంగ్లిష్ అనువాదం. రోమీయులకు రాసిన పత్రిక, 1:13. మీ దగ్గరికి రావాలనుకున్నా గానీ 'వాజ్ లెట్ హిదర్టు' అంటాడు పౌలు. పక్కనే తెలుగు బైబిల్ తెరిస్తే 'ఆటంకపరచబడితిని'. నాన్న దాని మీద వేలు పెట్టి మళ్లీ చదివి, "అయితే ఆటంకం గానీ అడ్డంకి గానీ లేకుండా అన్నమాట. దస్తావేజు భాష! ఒకటి చాలేదానికి రెండు రాస్తారు" అని తేల్చేశారు. పైపెచ్చు అదే బైబిల్లో చిన్నపిల్లలను రానివ్వమనడానికి వాడింది 'సఫర్'. ఆపడానికి లెట్, రానివ్వడానికి సఫర్!

గుర్తుపట్టడానికి నా లెక్క ఒకటే. పాత రాతల్లో వెనకాల మరో క్రియ వస్తే మామూలుగా అనుమతి, రాకపోతే చాలాసార్లు అడ్డు. షేక్స్‌పియర్ నాటకంలో హామ్లెట్ తనను పట్టి ఆపేవాళ్ల గురించి 'లెట్స్ మి' అని ఊరుకుంటాడు, ఆ తర్వాత క్రియ లేదు. టెన్నిస్‌లో సర్వ్ నెట్‌కి తగిలి అవతల పడాల్సిన గడిలోనే పడితే పిలిచే లెట్ కూడా ఈ అడ్డే. ఫ్రెంచి నుంచి వచ్చిందని ఎవరైనా చెబితే వినకండి.

అసలు నా కోపం లెట్ మీద కాదు. ఆ మాట బ్రిటన్ పాస్‌పోర్టులో ఇప్పటికీ ఉంది, వాళ్ల భాష, వాళ్లిష్టం. మనం కూడా దాన్ని అలాగే మోస్తున్నాం. హిందీలో కూడా వేశారు కానీ, తెలుగులో ఒక్క ముక్క లేదు. ఉండుంటే మా నాన్న ఆ రాత్రి హాయిగా పడుకునేవారు.